మోయాబ్ ఎడారిలో క్లైంబింగ్, కాన్యనీరింగ్: జిమ్ అనుభవం ఉంటే గైడ్ అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నలుగురు కలిసి అక్టోబర్‌లో యూటాలోని మోయాబ్ వెళ్తున్నారు, అక్కడ రెండు రోజులుంటారు. మీరూ మీ స్నేహితుడూ ఎనిమిది నెలలుగా జిమ్‌లో, అంటే రంగు పట్టులు బిగించిన కృత్రిమ గోడల మీద, క్లైంబింగ్ చేస్తున్నారు, బెలే (ఎక్కేవాళ్లు పడిపోకుండా తాడు పట్టుకుని ఉండటం) పరీక్ష కూడా పాసయ్యారు. మిగతా ఇద్దరికీ ఇదే మొదటిసారి, అందులో మీ భార్యకు ఎత్తంటే భయం. ఒకరోజు రాక్ క్లైంబింగ్, ఒకరోజు కాన్యనీరింగ్ (ఇరుకు లోయల్లోకి తాడుమీద దిగుతూ వెళ్లడం) అనుకుంటున్నారు. తాళ్లూ హార్నెస్‌లూ (తాడు తగిలించుకోవడానికి నడుముకి వేసుకునే పట్టీలు) కొనుక్కుని సొంతంగా వెళ్లొచ్చా, లేక లోకల్ గైడ్‌కి డబ్బు పెట్టాల్సిందేనా అని అడిగారు.

పెట్టాల్సిందే. రెండు రోజులకూ గైడ్‌ని తీసుకోండి. ఒక్కరోజుకే డబ్బు సరిపోతుందంటే అది కాన్యన్ రోజుకి పెట్టి, రెండో రోజు కొండ ఎక్కడం మానేసి హాయిగా నడవండి.

నేను గైడ్‌ని కాదు. పద్నాలుగేళ్లుగా ఏటా ఆ ఎడారికి వెళ్తున్నాను. మొదటి నాలుగేళ్లు గైడ్‌లతో వెళ్లాను. ఇప్పుడు సొంతంగా వెళ్తున్నా, కొత్త కాన్యన్ అయితే ఇప్పటికీ తెలిసినవాళ్లు తోడుంటేనే దిగుతాను. ఎందుకో చెప్తాను.

జిమ్‌లో నేర్చుకున్నది వృథా కాదు. ముడి వేయడం, బెలే పట్టడం, కాళ్లమీద బరువు వేసి ఎక్కడం, ఇవన్నీ క్లైంబింగ్ రోజున పనికొస్తాయి. పైన యాంకర్ (తాడుని రాతికి పట్టి ఉంచే ఆధారం) కట్టి కింద నుంచి తాడు పట్టే టాప్‌రోప్ పద్ధతిలో ఎక్కేటప్పుడు చేతులు అలసిపోయినా, భయమేసినా, మబ్బు పట్టినా "దించెయ్" అంటే చాలు, రెండు నిమిషాల్లో నేలమీద ఉంటారు. తిరిగొచ్చే దారి ఎప్పుడూ ఉంటుంది.

కాన్యనీరింగ్‌లో అలా ఉండదు. పైనుంచి మొదలుపెట్టి ఇరుకైన రాతిసందుల్లోకి తాడుమీద దిగుతూ పోతారు. దిగాక తాడుని ఒక పక్కనుంచి లాగి కిందికి తెచ్చుకోవాలి, లేకపోతే తర్వాతి దిగుడుకి తాడుండదు. ఆ తాడు లాగిన క్షణం నుంచి వెనక్కి దారి లేదు. వెనక వంద అడుగుల నున్నటి గోడ, ముందు ఇంకా చూడని దిగుళ్లు. కాలు బెణికినా, చలితో వణికినా, పైన మేఘం కనిపించినా ముందుకే వెళ్లాలి. అప్పుడు కావాల్సింది ఎక్కే బలం కాదు. తర్వాతి యాంకర్ ఎక్కడుందో, అది నమ్మదగినదో కాదో, తాడు ఏ మూలన ఇరుక్కుంటుందో, నీటిగుంట ఎంత లోతుందో తెలిసి ఉండాలి. ఇవేవీ జిమ్‌లో నేర్పరు. ఆ కాన్యన్‌లో గత వారం దిగిన మనిషికే ఇవి తెలుస్తాయి. లోకల్ గైడ్ అనే మాటలో "లోకల్" అన్నదే నాకు ముఖ్యమైన సగం.

ఇప్పుడు రాయి సంగతి. గ్రానైట్ మీద ఎక్కడం నేర్చుకున్నవాళ్లు ఎడారిలో పొరబడేది ఇక్కడే, నేనూ పొరబడ్డాను. మోయాబ్ చుట్టూ ఉన్నది ఇసుకరాయి. ఇసుక రేణువులను బంకమట్టి, లవణాలు, కాల్సైట్ లాంటివి పట్టి ఉంచితే అది రాయైంది. వానకి నీళ్లు లోపలికి ఇంకితే ఆ పట్టు సడలుతుంది. పొడిగా ఉన్నప్పుడు మీ బరువు మోసిన చిన్న అంచు తడిగా ఉన్నప్పుడు చేతిలోకి ఊడొస్తుంది. పగుళ్లలో పెట్టిన కామ్‌లు (పగులు లోపల విచ్చుకుని పట్టుకునే లోహపు పరికరాలు), రాతిలో దిగ్గొట్టిన బోల్ట్‌లు కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది.

నా రెండో ట్రిప్‌లో ముందురోజు సాయంత్రం గంటసేపు వాన పడింది. తెల్లారేసరికి ఆకాశం నిర్మలంగా ఉంది, గోడలన్నీ ఎండలో ఎర్రగా మెరుస్తున్నాయి, ముట్టుకుంటే పొడిగా ఉన్నాయి. గైడ్ మాత్రం ఇవాళ ఎక్కడం లేదన్నాడు. అంత దూరం వచ్చి ఊరికే కూర్చోవాలా అని నాకు చాలా కోపం వచ్చింది. ఆయన వాదించలేదు. గోడ మొదట్లో చేత్తో ఇసుక తవ్వి చూపించాడు. పైన అంగుళం పొడి, కింద చల్లటి తడి. "నేల లోపల ఇలా ఉంటే రాయి లోపల కూడా ఇలాగే ఉంటుంది" అన్నాడు. తర్వాత గోడకు ఒక పక్క, ఎవరూ ఎక్కని చోట బొటనవేలంత అంచుని పట్టి మెల్లగా లాగాడు. బిస్కెట్ ముక్కలా విరిగొచ్చింది. నేను ఆ రోజు ఎక్కాలనుకున్న దారిలో అలాంటి అంచులు పాతిక ఉంటాయి.

వాన పడ్డాక ఇసుకరాయి మీద కనీసం 24 గంటలు, గట్టి వానైతే 72 గంటల దాకా ఆగాలని అక్కడివాళ్లు పాటించే లెక్క. నీడలో ఉండే గోడకి, చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఇది మన ప్రాణం గురించే కాదు. ఒకసారి ఊడిన అంచు మళ్లీ రాదు, తర్వాత వచ్చేవాళ్లకు ఆ దారే పోతుంది. "తడిస్తే ఎక్కం" అని చెప్పే గైడ్ దొరికితే ఆయన మంచి గైడ్ అని నమ్మండి. వాన పడ్డ మర్నాడే సరే అనేవాళ్లని వదిలేయండి.

వరద గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

ఎడారి నేల నీళ్లని అంతగా పీల్చుకోదు. ఎక్కువ భాగం నున్నటి బండ, దానిమీద పలచటి ఇసుక. ఎక్కడో పది మైళ్ల అవతల ఒక్క మేఘం కురిస్తే ఆ నీళ్లన్నీ వాలుని బట్టి ఒకే వాగులోకి చేరతాయి, ఆ వాగు చివరికి రెండడుగుల వెడల్పు సందులోకి దూరుతుంది. మీ నెత్తిమీద నీలాకాశమే ఉండొచ్చు. 1997 ఆగస్టు 12న అరిజోనాలో పేజ్ ఊరి దగ్గరున్న యాంటిలోప్ కాన్యన్‌లో ఇలాగే జరిగింది. వాన పడింది మైళ్ల దూరంలో, వరద వచ్చింది సందులో ఉన్నవాళ్ల మీదికి. 11 మంది యాత్రికులు చనిపోయారు. వాళ్లతో ఉన్న గైడ్ ఒక్కడే బతికి బయటపడ్డాడు. 2015 సెప్టెంబర్ 14న యూటాలోనే ఉన్న జయాన్ నేషనల్ పార్క్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు కొట్టుకుపోయారు. వాళ్లు పార్క్ నుంచి పర్మిట్ తీసుకునే దిగారు. పర్మిట్ చేతిలో ఉండటం వేరు, ఆ రోజు దిగడం క్షేమమా కాదా అన్నది వేరు. ఆ రెండో నిర్ణయం మనదే.

మీరు అక్టోబర్‌లో వెళ్తున్నారు కాబట్టి కొంత నయం. అక్కడి వానాకాలం ముఖ్యంగా జులై మధ్య నుంచి సెప్టెంబర్ దాకా. అయినా అక్టోబర్‌లోనూ వానలు పడతాయి. దక్షిణ యూటా పార్కుల్లోని సన్నటి కాన్యన్‌ల కోసం అమెరికా వాతావరణ శాఖ ఆకస్మిక వరద అవకాశాన్ని నాలుగు మెట్లలో ప్రకటిస్తుంది: అవకాశం లేదు, రావచ్చు, వచ్చేలా ఉంది, వస్తుంది. ఒక్క "అవకాశం లేదు" రోజునే నేను ఇరుకు సందుల్లోకి దిగుతాను. రెండో మెట్టుకి కూడా దిగను. ఇది కొందరికి అతి అనిపిస్తుంది, నా లెక్క మాత్రం ఇదే. ఫోన్‌లో మోయాబ్ ఊరి వాతావరణం చూసుకుని బయల్దేరితే చాలదు, ఆ కాన్యన్‌కి నీళ్లొచ్చే పైప్రాంతం ఎటు ఉందో, అక్కడ ఏం జరుగుతోందో చూడాలి. ఎటు నుంచి నీళ్లొస్తాయో గైడ్‌కి తెలుసు, బయటివాళ్లు మ్యాప్ ముందు పెట్టుకున్నా తప్పు చదువుతారు.

ఒకసారి సందు ముఖద్వారం దాకా నడిచి, వెట్‌సూట్లు (చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే దుస్తులు) వేసుకున్నాక మా గైడ్ ఉత్తరం వైపు చూస్తూ ఐదు నిమిషాలు నిలబడిపోయింది. దూరంగా తెల్లటి మేఘం ఒకటి పైకి పెరుగుతోంది, అంతే. "పదండి, వెనక్కి వెళ్దాం" అంది. సాయంత్రం కారులో వస్తుంటే, పొద్దున పొడి ఇసుకగా దాటిన వాగులో ఎర్రటి బురదనీళ్లు దుంగలతో సహా పోతున్నాయి. ఆ నీళ్లు మేం దిగాల్సిన సందులోకే వచ్చి ఉంటాయని అనను, అది వేరే పాయ కావచ్చు. కానీ ఆ రోజు తర్వాత గైడ్ వెనక్కి వెళ్దామంటే నేను కారణం కూడా అడగను.

గైడ్ చేసే ఇంకో పని మీ భార్య విషయంలో చాలా అవసరం. సొంతంగా వెళ్లేవాళ్లు సాధారణంగా తాడుని యాంకర్‌కి గట్టిగా కట్టేసి ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. మధ్యలో ఎవరైనా భయంతో బిగుసుకుపోయినా, జుట్టో చొక్కా అంచో దిగే పరికరంలో చిక్కుకున్నా పైనున్నవాళ్లు చూస్తూ ఉండిపోవాలి. మంచి గైడ్ తాడుని యాంకర్ దగ్గర వదలగలిగేలా కడతారు. దిగే మనిషి ఆగిపోతే పైనుంచే తాడు వదులుతూ నెమ్మదిగా కిందికి దించేస్తారు. నా స్నేహితురాలు ఒకామె తొంభై అడుగుల దిగుడులో ముప్పై అడుగులు దిగాక అటూ ఇటూ కదల్లేకపోయింది. పొడుగాటి జుట్టు పరికరంలోకి పోయింది. గైడ్ ఇంకో తాడు వేసుకుని ఆమె పక్కకు దిగి, బరువు తనమీదికి తీసుకుని, జుట్టు విడిపించాడు. మొత్తం పది నిమిషాలు. ఆ పని నాకు అప్పట్లో రాదు. మీకూ రాదు. అందరూ జుట్టు బిగించి కట్టి హెల్మెట్ లోపలికి దోపుకోండి.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి? వెబ్‌సైట్ ఫోటోలు చూసి కాదు, ఫోన్ చేసి అడిగి.

మోయాబ్ చుట్టూ గైడ్‌లు తీసుకెళ్లే చోట్లు చాలావరకు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ శాఖ చేతిలో ఉన్నాయి. డబ్బు తీసుకుని మనుషుల్ని తీసుకెళ్లాలంటే ఆ శాఖ ఇచ్చే ప్రత్యేక పర్మిట్ ఉండాలి. ఉందా అని అడగండి, ఉన్నవాళ్లు వెంటనే చెప్తారు. క్లైంబింగ్ రోజుకి వచ్చే గైడ్‌కి అమెరికన్ మౌంటెన్ గైడ్స్ అసోసియేషన్ శిక్షణ ఉందా, కనీసం సింగిల్ పిచ్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ కోర్సు కాన్యన్ గైడ్‌కి తప్పనిసరిగా ఉండాలి, అది 70-80 గంటల ప్రథమ చికిత్స శిక్షణ. ఆంబులెన్స్ రాలేని చోట ఆ మనిషే మీకు డాక్టర్.

ఇంకా ముఖ్యం, ఒక గైడ్‌కి ఎంతమంది? మొదట్లో ఒకసారి చవకగా వస్తుందని పెద్ద గుంపులో చేరాను. పదకొండు మందికి ఒకే గైడ్. ఒక్కొక్కరూ దిగడానికి పది నిమిషాలు, ముందు దిగినవాళ్లం నడుము లోతు చల్లటి నీళ్లలో గంటన్నర నిలబడ్డాం. బయట ముప్పై డిగ్రీల ఎండ, సందులో ఎండ పడదు, నీళ్లు ఐసులా ఉంటాయి. నా పక్కనున్న అబ్బాయి పెదాలు నీలం తిరిగి మాట ముద్దగా రావడం మొదలైంది. అది హైపోథెర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం, ఎడారిలో వస్తుందని ఎవరూ అనుకోరు. మీరు నలుగురే కాబట్టి ప్రైవేట్ ట్రిప్ అడగండి. కొంచెం ఎక్కువైనా ఇక్కడ పొదుపు చేయొద్దు.

చివరగా "వాతావరణం బాగాలేకపోతే ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. తేదీ మారుస్తామనో, పొడి దారికి తీసుకెళ్తామనో, డబ్బు వెనక్కిస్తామనో స్పష్టంగా చెప్పాలి. "ఏం ఫర్వాలేదు, ఎప్పుడూ బాగానే ఉంటుంది" అంటే ఫోన్ పెట్టేయండి.

ఎక్కడికి వెళ్లినా గైడ్ దొరుకుతాడని అనుకోకండి. జయాన్ పార్క్ లోపలున్న టెక్నికల్ కాన్యన్‌లలోకి (తాడు లేకుండా దిగలేనివి) గైడ్‌లు డబ్బు తీసుకుని తీసుకెళ్లడానికి అనుమతి లేదు, గైడ్ ట్రిప్పులన్నీ పార్క్ బయటే జరుగుతాయి. ఎవరైనా లోపలికి తీసుకెళ్తామంటే నమ్మొద్దు. యాంటిలోప్ కాన్యన్ నావహో అనే అమెరికా ఆదివాసీ ప్రజల భూమి, అక్కడ వాళ్ల గైడ్ లేకుండా అడుగుపెట్టలేరు. నావహో నేషన్‌లో రాక్ క్లైంబింగ్‌కే అనుమతి లేదు. వాళ్ల భూమిలోనే ఉన్న మాన్యుమెంట్ వ్యాలీ ఎర్ర శిలల ఫోటోలు చూసి ఆశపడేవాళ్లకు ఇది చెప్పాలి. ఆ శిలలు వాళ్లకు పవిత్రం, ఆ మాట మనం గౌరవించాలి.

మీ రెండు రోజులకి నా సలహా ఇది.

మొదటి రోజు కాన్యన్ పెట్టుకోండి. అలా అయితే వాతావరణం తేడా వచ్చినా మర్నాటికి మార్చుకోవచ్చు. కొత్తవాళ్లున్నప్పుడు ఎక్కువమంది గైడ్‌లు తీసుకెళ్లేది ఎఫెడ్రాస్ గ్రాటో. రెండు పెద్ద దిగుళ్లు, ఒక్కోటి సుమారు వంద అడుగులు. మొదటిది బావిలాంటి రాతిగదిలోకి. రెండోది మార్నింగ్ గ్లోరీ అనే సహజ రాతివంతెన పక్కనుంచి, ఆ వంతెన పొడవు 243 అడుగులు. మనం గాల్లో వేలాడుతుంటే వంతెన భుజం పక్కనే ఉంటుంది. పద్నాలుగేళ్లలో నేను చూసినవాటిలో ఆ నిమిషాన్ని మించింది చాలా తక్కువ. దిగాక గ్రాండ్‌స్టాఫ్ కాన్యన్‌లో వాగు వెంబడి రెండు మైళ్లు నడిచి బయటికి రావాలి. వంతెన కింద పాయిజన్ ఐవీ మొక్కలు గుంపులుగా ఉంటాయి. మూడేసి ఆకులుండే మొక్క, తగిలితే వారాల తరబడి దురద. గైడ్ చూపిస్తారు, దారి వదలకండి.

రెండో రోజు క్లైంబింగ్. పొటాష్ రోడ్డు మీద వాల్ స్ట్రీట్ అని పిలిచే గోడ ఉంది. ఒకపక్క కొలరాడో నది, మధ్య రోడ్డు, ఇంకోపక్క రోడ్డంచు నుంచే లేచే గోడ. తేలిక దారుల నుంచి కష్టమైనవాటి దాకా ఉన్నాయి, నలుగురూ ఎక్కొచ్చు. జిమ్‌లో మీరు ఎక్కే గ్రేడ్ (దారి ఎంత కష్టమో చెప్పే కొలత) కంటే రెండు మెట్లు కింద నుంచి మొదలుపెట్టండి. రంగు పట్టులు ఉండవు, కాలు ఎక్కడ పెట్టాలో రాయే చెప్పాలి, దాన్ని చదవడానికి సమయం పడుతుంది. పగుళ్లలో చేయి దూర్చి బిగించి ఎక్కే క్రాక్ క్లైంబింగ్ ఒక్క దారైనా గైడ్ దగ్గర నేర్చుకోండి. క్లైంబర్లలో ఆ ఎడారికి పేరొచ్చింది ముఖ్యంగా దానివల్లే. 1961లో లేటన్ కోర్, హంట్లీ ఇంగాల్స్ కాసిల్టన్ టవర్ మొదటిసారి ఎక్కింది అలాంటి పగుళ్ల వెంటే, అదీ ఇప్పటి కామ్‌లు లేని రోజుల్లో. మోయాబ్ నుంచి వెళ్లి ఆ నాలుగు వందల అడుగుల స్తంభాన్ని దూరం నుంచైనా చూసి రండి. ఎక్కాలని మాత్రం ఈసారి అనుకోకండి.

సామాన్ల గురించి క్లుప్తంగా. తాడు, హార్నెస్, హెల్మెట్, అవసరమైతే వెట్‌సూట్ గైడ్‌లే ఇస్తారు, ఇప్పుడు ఏదీ కొనొద్దు. మీ జిమ్ తాడు సాగే రకం, పడిపోయినప్పుడు ఊపు తగ్గించడానికి అది మంచిది. దిగడానికి సాగని తాడు కావాలి, సాగే తాడు ఇసుకరాయి అంచుమీద పైకీ కిందికీ రాసుకుని అరిగిపోతుంది. మోకాళ్లు కప్పే పాత ప్యాంట్ వేసుకోండి, రాయి గరుకుకాగితంలా గీస్తుంది. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు, వాటితోపాటు ఉప్పుగా తినేది ఏదో ఒకటి ఉండాలి. నల్లగా, గుల్లగా, పొక్కుల్లా కనిపించే నేలమీద అడుగు వేయకండి. అది బతికున్న మట్టిపొర, ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగుతో చితికితే మళ్లీ కుదురుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. బండమీదో, వాగు ఇసుకలోనో నడవండి.

నడకకైనా సరే, ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఊళ్లో ఉన్న ఒకరికి చెప్పి వెళ్లండి. 2003 ఏప్రిల్‌లో యూటాలోని బ్లూజాన్ కాన్యన్‌లో ఆరన్ రాల్స్టన్ అనే క్లైంబర్ చేతిమీదికి బండ జారినప్పుడు ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఐదు రోజులు అక్కడే ఉండిపోయి, చివరికి తన చేయి తానే కోసుకుని బయటపడ్డాడు. ఆయన అనుభవం లేని మనిషి కాదు.

ఇక మీ భార్య భయం. అది దాచకుండా బుకింగ్ చేసేటప్పుడే గైడ్‌కి చెప్పండి, అక్కడికి వెళ్లాక కాదు. ముందే తెలిస్తే మొదట పదిహేను, ఇరవై అడుగుల వాలు బండమీద రెండు మూడుసార్లు దింపి అలవాటు చేస్తారు. ఆ వాలు దగ్గర ఆమెకి వద్దనిపిస్తే అక్కడే ఆగిపోవచ్చు, ఇంకా తాడు లాగలేదు కదా. "ఏం కాదు, దిగు" అని మీరు మాత్రం అనొద్దు. భయం ఉన్న మనిషిని భర్తో స్నేహితులో తొందరపెట్టి అంచు దాటించడం నేను చూశాను, మధ్యలో బిగుసుకుపోయేది వాళ్లే. ఆమెని మొదటా కాకుండా చివరా కాకుండా మధ్యలో దింపమని అడగండి. కింద ఒకరు దిగే తాడు పట్టుకుని ఉండాలి, గట్టిగా లాగితే పైమనిషి అక్కడే ఆగుతుంది. ఆ తాడు పట్టుకునే పని గైడ్ మీకు నేర్పిస్తారు, జిమ్‌లో బెలే పట్టిన చేతులు కాబట్టి త్వరగా వస్తుంది. దిగేటప్పుడు ఆమె కిందికి చూడక్కర్లేదు, ముఖం ముందున్న రాయిని చూస్తూ పాదాలు వెడల్పుగా పెట్టుకుని వెనక్కి కూర్చుంటే చాలు.

తేదీలు ఖరారయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం వాగులు ఎలా ఉన్నాయో నాకు తెలిసినంతవరకు చెప్తాను.